దివానుగారి తమ్ముడు

పెదమొగ ఠాణా,
శ్రీముఖ సం॥ శ్రావణ శుద్ధ సప్తమి (1873)

మాతృసమానులైన వదినగారికి సర్వారాయుడు నమస్కరించి వ్రాసుకునేది. నేను క్షేమంగా చేరాను. అన్నయ్య ఒంట్లో ఎలా ఉందో, మీరెలా ఉన్నారో వెంటనే తెలియజేయండి.

రాయవెల్లి నుంచి కాలవ మీద పడవలో రెండు రోజులు, ఆపైన ఇసకలో ఒక పూట నడక. ఇన్నేళ్ళూ పెదమొగ అంటే నాకు కచేరీ కాగితాల్లో ఒక పేరే. గోదారి పాయ ఒకటి ఇక్కడ సముద్రంలో పడుతుంది. మన సంస్థానం ఇక్కడితో సరి. ఠాణా అంటే తాటాకు కప్పిన రెండు గదులు. ఒక దాంట్లో నేను, రెండో దాంట్లో పాత దస్తరాలూ ఎలకలూ. వెంట వచ్చిన వంటవాడు వారం తిరక్కుండా పారిపోయాడు. చెయ్యి కాల్చుకుంటున్నాను. పద్దెనిమిదేళ్ళు కోటలో అన్నయ్య కింద పేష్కారుగా ఉన్నవాణ్ణి, నలభై రెండో ఏట ఠాణా అమీనునయ్యాను. ఊళ్ళో ఏమనుకుంటున్నారో మాత్రం రాయకండి.

ఆ రోజు కచేరీలో జరిగింది మీకు ఎవరు ఎలా చెప్పారో నాకు తెలీదు. నేను చూసింది చెబుతాను. రాణీగారు తెర వెనక ఉన్నారు. నేను ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాను. ఉన్నట్టుండి అందరూ లేచి నిలబడ్డారు. పల్లకీని ఏకంగా హాల్లోకే తెచ్చి దించారు. అలా ఎవరూ తీసుకురారు. ఇద్దరు మనుషులు అన్నయ్యని చంకల కింద పట్టుకుని లేవదీశారు. మాసిన గడ్డం, జారిపోతున్న ఉత్తరీయం. నా వంక చూడలేదు. మొలలోంచి దివాను ముద్ర తీసి తెర ముందు పెట్టారు.

“అమ్మా, ఈ పని మా మేనత్త కొడుకు పేర్రాజుకి ఇప్పించండి. నా తమ్ముణ్ణి పెదమొగ పంపించండి. ఇరవై రెండేళ్ళు దివానుగా చేసినందుకు నేనడిగేది ఇంతే” అన్నారు.

“ఆలోచించుకునే చెబుతున్నారా పంతులుగారూ?” అన్నారు రాణీగారు.

“ఆలోచించే ఓపిక లేదమ్మా. నిశ్చయించుకుని చెబుతున్నాను.”

పేర్రాజు అప్పటికే కచేరీలోనే ఉన్నాడు. అతని మొహంలో ఆశ్చర్యం నాకంటే ఎక్కువగా ఉంది.

అన్నయ్యకి నా మీద ఇంత ఆగ్రహం ఎందుకు వచ్చిందో నాకు బోధపడలేదు. ఎవరో ఏదో చెప్పి ఉంటారు. మీరు కనుక్కుని రాయండి.

చిత్తగించవలెను.
సర్వారాయుడు


రాయవెల్లి,
శ్రావణ బహుళ తదియ

చిరంజీవి సర్వారాయుడికి వదిన మాణిక్యాంబ ఆశీర్వదించి వ్రాసేది.

మీ అన్నయ్యకి ఎవరూ ఏదీ చెప్పలేదు. చెప్పినదాన్ని నేనే. ఏం చెప్పానో విను.

ఆయన ఆయాసంతో మంచం పట్టి అప్పటికి ఇరవై రోజులు. నువ్వు దాక్షారామం వైపు గ్రామాల విచారణకి వెళ్ళావు కదా, రమ్మని కబురు పెట్టించాను. ఆ రోజు పొద్దున్న ఊపిరి నిలిచిపోయినట్టయింది. ఇంటిల్లిపాదీ గొల్లుమన్నాం. కాసేపటికి దేవుడి దయవల్ల తెప్పరిల్లారు. ఇంకా గంజి కూడా పట్టలేదు, వీధి మొగలో బోయీల కేకలు వినిపించాయి. ఎవరది అని అడిగారు. నేను కిటికీలోంచి చూసి, “మీ తమ్ముడే వస్తున్నాడండి” అన్నాను.

ఆయన మొహం ఎలా వెలిగిందో నీకు ఎలా రాయను? లేవదీసి కూర్చోబెట్టమన్నారు. ఉత్తరీయం కప్పమన్నారు. నీ కోసం పీట మంచం దగ్గరికి జరిపించారు. “అబ్బాయి ఎండన పడి వచ్చుంటాడు, మజ్జిగ తెప్పించు” అన్నారు. అందరం వాకిలి వంక చూస్తున్నాం. బోయీల కేక గుమ్మం దాకా వచ్చింది. గుమ్మం దాటింది. ఆగలేదు.

“ఎటు తిరిగింది?” అన్నారు.

“కోట వైపండి” అన్నాను. అబద్ధమైనా చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు.

పీట వెనక్కి జరిపించారు. తరవాత, “నా పల్లకీ తెప్పించు” అన్నారు. కాళ్ళు పట్టుకున్నాను, వినలేదు.

కోట నుంచి తిరిగొచ్చిన మర్నాడే ఎడమ పక్క పడిపోయింది. మాట ముద్దగా వస్తోంది గాని తెలివి ఎక్కడికీ పోలేదు. అన్నీ తెలుస్తున్నాయి.

నేను ఈ ఇంటికి కాపురానికొచ్చేసరికి నీకు ఎనిమిదేళ్ళు. తల్లి లేదు. నీకు ఓనమాలు దిద్దించిన చేత్తోనే ఇది రాస్తున్నాను. ఒక్కటే అడుగుతున్నాను, చెప్పు. ఎందుకు ఆగలేదు?

వదిన


పెదమొగ ఠాణా,
భాద్రపద శుద్ధ పంచమి

వదినగారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందింది. అన్నయ్యకి పక్షవాతం వచ్చిందని చదివి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

కోటలో తొందర పని పడింది. పేర్రాజు నెల్లాళ్ళుగా రాణీగారి దగ్గర పాగా వేస్తున్నాడని దాక్షారామంలోనే విన్నాను. దివాను మంచం పట్టగానే సంస్థానం ఎవరి చేతుల్లోకి పోతుందో చూసుకోవలసిన పూచీ మన ఇంటికి లేదా? మన తాతగారి నాటి నుంచీ వస్తున్న కొలువు ఇది. నేను కోటకి వెళ్ళింది నా ఒక్కడి కోసం కాదు.

ఇంకొకటి కూడా రాస్తాను, తప్పనుకోకండి. అన్నయ్య గొప్పవాడే. పందొమ్మిదో ఏట రాయసగాడిగా చేరి, ముప్పై రెండో ఏటికి దివాను అయ్యారు. వరదల ఏడు అప్పటి జమీందారుగారిని అడక్కుండా కోట గాదెలు తెరిపించి నాలుగు వందల ఇళ్ళకి ధాన్యం పంచారు. జమీందారుగారు కోపగిస్తే ముద్ర ఆయన ముందు పెట్టి, “గాదెలు మళ్ళీ నిండుతాయండి” అన్నారు. ఇవన్నీ నాకు తెలుసు. కానీ ఆ గొప్పమనిషి పక్కన పద్దెనిమిదేళ్ళు నిలబడటం ఎలా ఉంటుందో మీకు తెలీదు. నా జుట్టు నెరిసినా నిండు కచేరీలో ‘అబ్బాయి’ అనే పిలిచేవారు. నేను రాసిన ప్రతి కాగితం మళ్ళీ తను దిద్దితేగాని బయటికి పోయేది కాదు. “నా తరవాత నువ్వే” అని పదేళ్ళ కిందట అన్నారు. ఆ తరవాత ఆ మాట ఎత్తలేదు.

ఇక్కడ గాలి బాగా వీస్తోంది. రాత పని ఏమీ లేదు.

సర్వారాయుడు


రాయవెల్లి,
భాద్రపద శుద్ధ చతుర్దశి

చిరంజీవి సర్వారాయుడికి ఆశీస్సులు.

నేనడిగింది ఒక్క మాట. నువ్వు రాసింది వేరే. నేనడిగిన దానికి జవాబు దొరికినప్పుడు రాయి. అప్పటిదాకా అక్కర్లేదు.

వదిన


పెదమొగ ఠాణా,
ఆశ్వయుజ శుద్ధ విదియ

వదినగారికి సర్వారాయుడు సాష్టాంగపడి వ్రాసుకునేది.

ఈ ఉత్తరం మీరు చదివి, ఆ పైన అన్నయ్యకి చదివి వినిపించండి. ఒక్క అక్షరం వదలకండి.

ఆ రోజు మీరంతా గొల్లుమన్న ఏడుపు నాకు మన వీధిలోకి తిరగకముందే వినిపించింది. మీ గొంతు అందులో గుర్తుపట్టాను. అన్నయ్య పోయాడనుకున్నాను. బోయీలకీ అలాగే తోచింది. గంగయ్య పరుగు తగ్గించి, “దింపమంటారా బాబూ?” అని అడిగాడు.

అన్నయ్య పోయాడనుకుని కూడా నేను దిగలేదు.

లోపలికి వస్తే చావు కబురు విన్నట్టవుతుంది. విన్నానంటే పదిరోజులు మైల. మైలలో కోట గడప తొక్కకూడదు. ఆ పదిరోజుల్లో పేర్రాజు ముద్ర పుచ్చుకుంటాడు. వినకపోతే మైల లేదు. ఇదంతా నేను పల్లకీలో కూర్చుని, గంగయ్య అడిగిన మాటకీ నేను చెప్పిన జవాబుకీ మధ్య ఆలోచించాను. ఎంతసేపు పట్టిందంటారు? మన అరుగు ఈ చివర్నించి ఆ చివరికి నడిచినంతసేపు. “పోనీండి, కోటకి” అన్నాను.

రాణీగారి ముందు నిలబడి, మా అన్నయ్యగారికి బాగా లేదు, ఆయన పని నేను చూస్తానని విన్నవించుకుంటున్నాను. చనిపోయారని చెబితే మైల వస్తుందని, బాగా లేదన్నాను. అప్పుడే పల్లకీ లోపలికి వచ్చింది. నేను పోయాడనుకున్న మనిషి నా ఎదటే వచ్చి నిలబడ్డారు. ఆయన్ని చూసినప్పుడు నాకు మొట్టమొదట కలిగింది ఆనందం కాదు వదినా. అది రాయడానికి నాకు మూడు నెలలు పట్టింది.

అన్నయ్యా, నువ్వు నాకు వేసిన శిక్ష తక్కువే. కొలువు అడగను. ఇక్కడే ఉంటాను. ఒక్కసారి నన్ను తిట్టించి పంపు, చాలు.

ఇక రెండో సంగతి. ఇది నా గురించి కాదు. ఏరు సముద్రంలో పడే మొగ పక్కన ఒక మెరక ఉంది. దాని మీద జాలర్లవి ముప్పై ఆరు గుడిసెలు. వరదల ఏడు వీళ్ళ పాత పల్లె కొట్టుకుపోతే, అన్నయ్య పడవ మీద స్వయంగా వచ్చి ఆ మెరక చూపించి, ఇక్కడ ఉండండి, మిమ్మల్ని ఎవరూ లేపరని చెప్పారట. కాగితం రాయలేదు. ఇప్పుడు పేర్రాజు ఆ మెరకని కాకినాడ వర్తకుడెవరికో కొబ్బరితోటకి కౌలుకిచ్చేశాడు. కార్తీకం లోపల జాలర్లని లేపి ఏటి పల్లంలోకి తరిమెయ్యమని నాకు తాఖీదు పంపించాడు. వాళ్ళ పెద్ద సత్తియ్య అని ఉన్నాడు. నిన్న ఠాణాకి వచ్చాడు.

“పెద్ద పంతులుగారు నోటిమాట ఇచ్చారండి. మాకదే కాయితం” అన్నాడు. అతని భార్య అచ్చాయమ్మ వెనక నిలబడి, “పల్లంలోకి పొమ్మంటే సముద్రంలోకి పొమ్మన్నట్టేనండి. నీటి పోటు ఎంతదాకా వస్తదో మాకు తెల్సండి” అంది.

అన్నయ్య ఆ మాట ఇచ్చినట్టు ఒక్క ముక్క చెప్పి, వేలిముద్ర వేసి పంపితే చాలు. నేను రాణీగారికి ఎదురు అర్జీ పెడతాను. పేర్రాజుతో పోట్లాడతాను. ఆయన మాట లేకుండా నేను చెబితే, పదవి పోయినవాడి అక్కసు అంటారు. ఈ ఒక్క పనికైనా ఆయన నాతో మాట్లాడాలి.

మీ బిడ్డ
సర్వారాయుడు


రాయవెల్లి,
ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి

సర్వారాయుడికి.

నీ ఉత్తరం అందింది. మీ అన్నయ్యకి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు. ఏమీ అనలేదు. నేను రెండోసారి అడిగాను, ఏమని రాయమంటారని. గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఇంక ఆయనకి ఉత్తరాలు రాయకు.

మాణిక్యాంబ


పెదమొగ ఠాణా,
ఆశ్వయుజ బహుళ దశమి

వదినగారికి నమస్కారములు.

మీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. అన్నయ్య ఏమీ అనలేదంటే అన్నీ అన్నట్టే. నేను అర్థం చేసుకున్నాను.

మెరక సంగతి కూడా ఆయన ఏమీ అనలేదు కాబట్టి, ఆ మాట ఇవ్వలేదనుకోవాలో, నా నోటి ద్వారా వచ్చింది కాబట్టి వద్దనుకున్నారనుకోవాలో నాకు తెలీదు. అర్జీ రాద్దామని కూర్చున్నాను. నాలుగు వాక్యాలు రాసేసరికి, ఎవడివిరా నువ్వు మాట నిలబెట్టడానికి అని ఎవరో అడిగినట్టయింది. చించేశాను.

తాఖీదు మీద సంతకం చేశాను. పేర్రాజు పంపిన బంట్రోతులు నిన్నా మొన్నా గుడిసెలు విప్పించారు. జాలర్లు గొడవ పడలేదు. వాసాలూ తాటాకులూ నెత్తిన పెట్టుకుని వాళ్ళే దిగిపోయారు. కుండలూ వలలూ మోసుకుంటూ ఆడవాళ్ళు వెనక వెళ్ళారు. అచ్చాయమ్మ వెళ్తూ వెళ్తూ తన గుడిసె నేల మీద కళ్ళాపి చల్లింది. ఎందుకని అడగలేకపోయాను.

సత్తియ్య చివరికి మిగిలాడు. ఠాణా ముందుకొచ్చి, “పెద్ద పంతులుగారు ఏమన్నారండి?” అని అడిగాడు.

“ఏమీ అనలేదు” అన్నాను.

“మరిచిపోయుంటారండి. పెద్దోరు. ఎన్నని గుర్తుంటాయి” అన్నాడు. అన్నయ్య తరఫున నాకే నచ్చచెప్పి వెళ్ళిపోయాడు.

నేను పొద్దున్నే స్నానం, సంధ్య, వంట. ఆ తరవాత సాయంత్రం దాకా చాప మీద కూర్చుంటాను. మీకు రాయడానికి ఇంకేమీ లేదు.

సర్వారాయుడు


రాయవెల్లి,
కార్తీక శుద్ధ ఏకాదశి

సర్వారాయుడికి వదిన వ్రాసేది.

మీ అన్నయ్య ఆశ్వయుజ బహుళ త్రయోదశి నాడు మధ్యాహ్నం కాలం చేశారు. ముందు రోజు దాకా గంజి పుచ్చుకున్నారు. బాధ పడలేదు. నీకు కబురు వచ్చి, నువ్వు ఇక్కడికి చేరేసరికి నాలుగు రోజులైనా పడుతుందని, దూరపు జ్ఞాతి ఒకతని చేత కర్మ చేయించారు. రాణీగారు కోట మీద జెండా దించారు. వరదల ఏడు ధాన్యం తిన్న ఊళ్ళ నుంచి జనం నడిచి వచ్చారు. పేర్రాజు పాడె మోశాడు.

నీకు పదమూడు రోజుల ఆలస్యంగా రాస్తున్నాను. ముందే రాయవలసింది. చెయ్యి ఆడలేదు.

నా సంగతి రాయను.

మాణిక్యాంబ


పెదమొగ,
కార్తీక బహుళ ద్వాదశి

వదినగారికి.

మీ ఉత్తరం వచ్చిన రోజు ఏట్లో స్నానం చేసి, అన్నయ్యకి నీళ్ళు వదిలి, మైల పట్టాను. ఆ రోజు నుంచీ ముసురు. నాలుగో రోజు మధ్యాహ్నం గాలి తూర్పుకి తిరిగింది. సాయంత్రానికి నిలబడనివ్వలేదు. చీకటి పడుతుండగా ఉప్పెన వచ్చింది. నీటి గోడ ఏదో కనిపిస్తుందనుకున్నాను. అలాంటిదేమీ లేదు. సముద్రం ఊరికే లేచి, ఆగకుండా లోపలికి నడిచి వచ్చింది.

ఠాణా పోయింది. నేను దస్తరాల పెట్టె పట్టుకుని తేలుతూ మెరక దగ్గర ఒడ్డున పడ్డాను. మెరక మీద మోకాలి లోతుకి మించి నీళ్ళు రాలేదు వదినా. కొబ్బరి మొక్కలు నాటడానికి తవ్విన గుంటలు నీళ్ళతో నిండాయి, అంతే. ఆ ముప్పై ఆరు గుడిసెలూ అక్కడే ఉండి ఉంటే వాసాలు తడిసేవి. మనుషులు మిగిలేవారు.

పల్లంలో తొంభై ఒక్క మంది పోయారు. అందులో నలభై మంది పసివాళ్ళు. మూడు రోజులు నేనూ, సత్తియ్యా, మిగిలినవాళ్ళూ కలిసి వెతికాం. మడ చెట్ల మధ్య, ఇసకలో, కాలవ గట్టున. అచ్చాయమ్మ రెండో రోజు దొరికింది. వల కొసలు చేతికి చుట్టుకుని ఉంది. ఇద్దరు మనవలనీ ఆ వలలో కట్టుకుంది. సత్తియ్య ఆ ముడి విప్పలేకపోయాడు. నేను విప్పాను. నేను మైలలో ఉన్నానని అప్పుడు గుర్తొచ్చింది. మైల అన్న మాటకి భయపడి ఒకనాడు పల్లకీ దిగని మనిషిని, ఆ రోజు నా చేతులు నేను చూసుకున్నాను.

కాకినాడ నుంచి దొర వచ్చి విచారణ చేశాడు. పల్లంలోకి ఎవరు పంపారని అడిగాడు. సంతకం నాదని చెప్పాను. మెరక మీద నుంచి లేపవద్దని ఎవరూ చెప్పలేదా అని అడిగాడు. మా అన్నగారిని అడిగాను, ఆయన ఏమీ చెప్పలేదన్నాను. అది కూడా రాసుకున్నాడు.

ఆయన పేరు ఆ కాగితంలోకి ఎక్కించాను. అందుకైనా క్షమించండి.

సర్వారాయుడు


రాయవెల్లి,
మార్గశిర శుద్ధ దశమి

సర్వారాయుడికి.

పేర్రాజుని పని లోంచి తీసేశారు. దొర విచారణ కాగితం చూశాక రాణీగారు ఒక్క రోజు కూడా ఆగలేదు. దివాను పని నీకివ్వాలని నిశ్చయమైంది. సంస్థానం వ్యవహారాలు తెలిసినవాడు ఇంకొకడు లేడు. వారంలో నీకు తాఖీదు వస్తుంది. నువ్వు వస్తావు. ఇంట్లోకి రాగానే నా కాళ్ళకి దణ్ణం పెడతావు. అది జరగకముందే నీకీ ఉత్తరం అందాలి.

నీ ఉత్తరం నేను మీ అన్నయ్యకి చదవలేదు.

నేను చదువుకున్నాను. “పోయాడనుకుని కూడా దిగలేదు” అన్న చోట ఆగిపోయాను. ఆ ఇంట్లో నేను గుండెలు బాదుకుని ఏడ్చాను. నువ్వు నా గొంతు గుర్తుపట్టి కూడా దాటి పోయావు. ఆ మాట ఆయన చెవిన పడితే అక్కడికక్కడే పోతారని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. నీకు ఏ జవాబూ రాకుండా చెయ్యాలనుకున్నాను. వాకిలి వంక చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో నీకు తెలియాలనుకున్నాను. ఉత్తరం రెండో సగం ఆ రోజు చదవనే లేదు. మడిచి పెట్టెలో అడుగున పడేశాను. గోడ వైపు తిరిగి పడుకున్నారని నేనే కల్పించి రాశాను.

మెరక సంగతేమిటో నీ తరవాతి ఉత్తరం చూసి, పెట్టె తీసి, మిగతాది చదివాను. అప్పటికి ఆయన ఇంకా ఉన్నారు. మంచం పక్కన నేను కూర్చుని అడిగితే చెప్పేవారు. వాళ్ళని మళ్ళీ మెరక ఎక్కించగలిగేవాళ్ళం. అడిగితే నా అబద్ధం బయటపడుతుందని ఊరుకున్నాను. మర్నాడు ఆయన పోయారు.

ఆయన మాట ఇచ్చారు. ఒకప్పుడు నాతో చెప్పారు, మొగ దగ్గర జాలర్లని ఒక ఎత్తు నేల మీద పెట్టి వచ్చానని. దొర కాగితంలో ఆయన పేరు తప్పుగా పడింది. అది నా మూలాన.

ఇంకొకటి. ఇది దాచుకుంటే నాకు నరకంలో కూడా చోటుండదు. రోజూ టపా వేళకి ఆయన అడిగేవారు. “అబ్బాయి రాశాడా?” అని. లేదనేదాన్ని. దసరా నాడు, “వాణ్ణి అంత దూరం పంపి ఉండకూడదు. రాణీగారికి రాస్తాను, కలం పట్టుకో” అన్నారు. రేపు రాద్దాం లెండి, పండగ కదా అన్నాను. ఆ రేపు మళ్ళీ మళ్ళీ అన్నాను.

నేను పిఠాపురంలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళిపోతున్నాను. నువ్వు వచ్చేసరికి ఉండను. తాళాలు పురోహితుడి దగ్గర ఉంటాయి.

మాణిక్యాంబ


రాయవెల్లి,
పుష్య శుద్ధ ఏకాదశి

వదినగారికి సర్వారాయుడు వ్రాసుకునేది.

మీ ఉత్తరం పెదమొగలోనే అందింది. మీ మీద కోపం రాలేదని రాస్తే అది ఇంకొక అబద్ధం. మూడు రోజులు మిమ్మల్ని నోటికొచ్చినట్టు అన్నాను, వినేవాళ్ళెవరూ లేని ఆ ఒడ్డున. మూడో రోజు సత్తియ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. అతనికి అంతా చెప్పాను. మీ పేరు దాచలేదు. చాలాసేపు విని, “సంతకం తమరిదే కదండి” అన్నాడు. కోపంగా అనలేదు. అడిగి తెలుసుకుంటున్నట్టు అన్నాడు.

“నాదే” అన్నాను.

అవును వదినా. మీరు ఆయనకి చదవలేదు, నిజమే. అర్జీ చించింది నేను. ఆయన మాట లేకపోయినా నాకు ఒక నోరుంది, ఎదురుగా మనుషులున్నారు, అచ్చాయమ్మ నీటి పోటు ఎంతదాకా వస్తుందో చెప్పింది. ఆయన నన్ను క్షమించలేదన్న దుఃఖంలో నాకు వాళ్ళెవరూ కనిపించలేదు. మీరు నాకు చేసింది ఒకటి. నేను వాళ్ళకి చేసింది మరొకటి. దాన్ని దీని మీదకి తొయ్యలేను.

తాఖీదు వచ్చింది. వద్దని రాద్దామనుకున్నాను. మెరక వాళ్ళకి తిరిగి ఇవ్వాలంటే దివాను ముద్ర కావాలి, అందుకని వచ్చాను. మొదటి రోజు మొదటి కాగితం అదే రాశాను. కౌలు రద్దు, మెరక పెదమొగ జాలర్లకి వంశపారంపర్యంగా. ముద్ర వేశాను. దొరకి వేరే కాగితం పంపి, మా అన్నగారు మాట ఇచ్చిన సంగతి నిజమనీ, ఆయన్ని ఎవరూ అడగలేదనీ, నేను తప్పుగా చెప్పాననీ రాశాను. ఎందుకు అడగలేదో రాయలేదు.

మెరక కాగితాన్ని నా మనిషి చేత పంపించాను. ఎనిమిదో రోజుకి అతను తిరిగొచ్చాడు, కాగితం అలాగే ఉంది. సత్తియ్య మిగిలిన ఇళ్ళవాళ్ళని తీసుకుని ఏరు దాటి, నరసాపురం అవతల చుట్టాల దగ్గరికి వెళ్ళిపోయాడట. మా మనిషి అక్కడిదాకా వెళ్ళి కలిశాడు. సత్తియ్య కాగితం చేతిలోకి తీసుకోలేదట. “ఆ నేల మీద పడుకుంటే మాకు నిద్దర పడతదా బాబూ? పంతులుగారిని చల్లగా ఉండమన్నానని చెప్పు” అన్నాడట. చల్లగా ఉండమన్నాడు. ఆ మాట పట్టుకుని నేనేం చేసుకోవాలో తెలియడం లేదు.

మెరక మీద ఇప్పుడు ఎవరూ లేరు. పొద్దున్న లేచి కచేరీకి వెళ్తాను. జనం దివానుగారూ అంటారు. పలుకుతాను. పని బాగానే చేస్తున్నానని రాణీగారు అన్నారు.

మిమ్మల్ని తిరిగి రమ్మని అడగను. మనిద్దరం ఒక కప్పు కింద ఉండి ఒకరి మొహం ఒకరం చూసుకోలేం. అక్కడ మీకు కావలసినవి అమర్చే ఏర్పాటు చేశాను, కాదనకండి. మిమ్మల్ని ఒక్కటే కోరుకుంటున్నాను. అన్నయ్య టపా వేళకి నా కోసం అడిగేవారని రాశారు. ఏ రోజు ఏమని అడిగారో మీకు గుర్తున్నంతవరకూ రాసి పంపండి. మంచి మాటలు ఏరి రాయనక్కర్లేదు. విసుక్కుంటే విసుక్కున్నారని రాయండి. తిడితే తిట్టినట్టే రాయండి. ఎలా అన్నారో అలా. ఒకటే మాట పది రోజులు అడిగి ఉంటే పదిసార్లూ రాయండి.

ఒక్కసారే అక్కర్లేదు. మీకు గుర్తొచ్చినప్పుడు ఒక్కొక్క ముక్క పంపండి. ఇక్కడ టపా మధ్యాహ్నం మూడింటికి వస్తుంది. ఆ వేళకి నేను కచేరీ లోంచి లేచి ఇంట్లోనే ఉంటాను.

సర్వారాయుడు